తలుపులు మూసుకున్న ఎండాకాలం

స్మారకోపన్యాసంలో పోయినవారిని తలుచుకోవడం ఆనవాయితీ. ఈ సాయంత్రం పేరు చెప్పకుండా ఒక హైదరాబాదు యువకుణ్ణి కూడా తలుచుకుంటాను.

2018 జూలై 13న కొందరు స్నేహితులు కారులో బీదరు జిల్లాకు వెళ్లారు. హందికేర దగ్గర ఆగినప్పుడు వాళ్లలో ఒకరు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అని కేకలు లేచాయి. బెదిరి బయలుదేరారు. వాళ్లకంటే ముందే వాట్సాప్‌లో వీడియో ముర్కి అనే మరో ఊరికి చేరింది. అక్కడ దారికి అడ్డం పెట్టారు. కారులోంచి లాగి కొట్టారు. ఆ యువకుడు చనిపోయాడు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి.

ఒక్క సంగతి గమనించండి. చాక్లెట్లు చూసింది ఒక ఊరు, కొట్టింది మరో ఊరు. ముర్కివాళ్లు కళ్లారా చూసింది ఏమీ లేదు. గుంపు పెరిగే తీరే ఇది. ముందు ఒకడు ఎవరు నువ్వని నిలదీస్తాడు. భాష రాక అవతలివాడు తడబడితే అనుమానం గట్టిపడుతుంది. ఇంకొకడు చొక్కా పట్టుకుంటాడు. ఫోన్లు పైకి లేస్తాయి. చివర వచ్చి చేరినవాడు, ఇంతమంది కొడుతున్నారంటే తప్పు చేసే ఉంటాడని తానూ ఒక దెబ్బ వేస్తాడు. అప్పటికి పోలీసు జీపు వచ్చినా, నలుగురు కానిస్టేబుళ్లు అంతమందిని ఆపలేరు.

గుంపును ఆపాలంటే అది చేరకముందే, భయం మొదలైనప్పుడే పసిగట్టాలి. అందుకే నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది ఎండాకాలం రాత్రుల్లో ఆరుబయట వేసుకునే మంచాల గురించి. అదే ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు గద్వాల, వనపర్తి ప్రాంతాల పల్లెల్లో జనం పొద్దుగూకగానే ఇళ్లలోకి వెళ్లి తలుపులు వేసుకోసాగారు. ఆ ఉక్కలో ఎవరు లోపల పడుకుంటారు? ఊళ్లకు వెళ్లే పోలీసులకు ఇది వింతగా తోచింది. ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు బయటపడ్డాయి. ఆ రోజుల్లో దేశంలో అలా తిరిగినవాటిలో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచారచిత్రం. చివరి హెచ్చరిక కత్తిరించి పంపారు.

అక్కడ అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి 400కు పైగా ఊళ్లలో ఊరికొక పోలీసును పెట్టారు. వాళ్లు సర్పంచుల నమ్మకం సంపాదించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పు కొట్టించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. పుకారు వచ్చిన దారినే నిజాన్నీ పంపారన్నమాట. ఆ ఏడాది ఆ పుకార్లకు అక్కడ ఎవరూ బలికాలేదు. అదే ఏడాది మేలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇలాంటి పుకారే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీసింది.

బీదరు ఘటన జరిగిన నాలుగు రోజులకు, జూలై 17న, సుప్రీంకోర్టు మూకదాడులను అడ్డుకోవడానికి జిల్లాకొక నోడల్ అధికారి ఉండాలని ఆదేశించింది. మంచిదే. కానీ మూసిన తలుపు ఆ అధికారి కంటికి కనబడదు. ఊరెరిగిన కానిస్టేబుల్‌కే కనబడుతుంది. అతణ్ణి బందోబస్తులకు, కాగితాల పనికి లాగేస్తున్నంతకాలం మనం గుంపు వెనకే పరుగెడతాం.

ఇంటికి వెళ్లాక ఒక్క పని చెయ్యండి. మీ వాడకట్టుకు బీటు కానిస్టేబుల్ ఎవరో కనుక్కుని, అతని నంబరు ఫోన్లో రాసి పెట్టుకోండి. ఏదైనా వీడియో చూసి భయం వేస్తే, ముందు అతనికే పంపండి.