ప్రపంచీకరణము – పల్లెబడి – బోధనభాష



ప్రపంచీకరణమన్నది దూరదేశముల వ్యవహారమని తోచును గాని, అది పల్లెబడి గడప దాటి చాలకాలమైనది. 1991లో మనదేశపు ఆర్థికవిధానము మారినది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతోపాటు అమలులోనికి వచ్చిన సేవల వ్యాపారపు ఒడంబడికలో విద్యయు ఒక సేవగా లెక్కకు వచ్చినది. విద్య పౌరుని హక్కా, అంగడి సరకా అను ప్రశ్న నాటినుండి తీవ్రమైనది.

హైదరాబాదు, బెంగుళూరులలో కంప్యూటరు కొలువులు పెరిగినకొలది, ఇంగ్లీషు రానివానికి బ్రతుకుతెరువు లేదన్న భావము గ్రామములలో పాతుకొన్నది. కూలిపని చేయు తల్లియు కడుపు కట్టుకొని బిడ్డ ఫీజు కట్టుచున్నది. దీనిని వ్యామోహమని కొట్టివేయుట న్యాయము కాదు. తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపుచు, పేదలకు మాత్రము మాతృభాషాభిమానము బోధించువారిని దళిత మేధావులు నిలదీయుటలో సత్యము కలదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో, మరుసటి విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వపాఠశాలలలో 1 మొదలు 6వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమే యుండవలెనని ఉత్తరువు చేసినది. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆ జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానము, వీలైనచోట్ల కనీసము 5వ తరగతిదాక ఇంటిభాషలో బోధన జరుగవలెనన్నది.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త పియెర్ బూర్దియూ వాదము ఇచట స్మరణీయము. ఇంట అబ్బిన భాష, పుస్తకపరిచయము కూడ ఒకవిధమైన మూలధనమే. బడి ఆ వారసత్వమునే ప్రతిభగా నెంచి పట్టాలిచ్చును. కావున మాధ్యమము మార్చినంతమాత్రమున అసమానత తొలగదు. ఇంట ఇంగ్లీషు వినని బాలుడు, ఆ భాషలో తడబడు ఉపాధ్యాయుని యొద్ద గణితము నేర్చునపుడు, తనకు తెలియనిది లెక్కయో, మాటయో వానికే బోధపడదు. అట్లని ఇంగ్లీషునకు దూరముంచినచో ఉన్నతవిద్యాద్వారము మూతపడును.

తెలుగులో ఆలోచన పాదుకొనవలెను; మొదటినుండి ఇంగ్లీషు ఒక భాషగా చక్కగా నేర్పవలెను; పైతరగతులకు వచ్చుసరికి రెండింట చదువగల శక్తి కలుగవలెను. అందులకు ఉత్తరువులకంటె శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ముఖ్యము. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పుటలలో ముద్రించిన పాఠ్యపుస్తకములు ఆంధ్రప్రదేశ్‌లో వచ్చుట మేలైన ప్రారంభము.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినపుడు చదువు కొందరి సొత్తుగా నుండెను. నేడు బడులు పెరిగినవి. కాని పుస్తకము లేని ఇండ్లు ఇంకను గలవు. అట్టి ఇంటి బిడ్డకు గ్రంథాలయమే పిత్రార్జితము. పాతికేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున ప్రతిసాయంకాలము ఒక గంట, పిల్లలకు రెండు భాషల పుస్తకములు బిగ్గరగా చదివి వినిపించు ఏర్పాటు జరుగుగాక! దానికొఱకు ఏ ప్రభుత్వపు ఉత్తరువునకును వేచియుండ నక్కరలేదు.