సెల్‌ఫోనులో సంత



మన ఇళ్లలో పాత సామాను ఎంతో కొంత ఉంటుంది. కుట్టు మిషను, సైకిలు, మంచం, బీరువా, గ్రైండరు. ఇవి అమ్మాలంటే మనకు తెలిసిన దారులు రెండే. పాత సామాన్లవాడు వస్తే తూకానికి వెయ్యడం. లేకపోతే తెలిసినవాళ్లకు వచ్చినకాడికి ఇచ్చెయ్యడం. బాగా కుట్టే మిషనును కూడా పాత సామాన్లవాడు ఇనుము కిందే తూస్తాడు. నష్టం మనకే.

ఇప్పుడు ఇంకో దారి ఉంది. అది సెల్‌ఫోనులో సంత. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ అలాంటి సంతలే. మన వస్తువు ఫొటో అందులో పెడతాం. వివరం రాస్తాం. ధర వేస్తాం. కావలసినవాళ్లు చూసి మనల్ని అడుగుతారు.

ఈ సంతలో అమ్మాలంటే రాయడం రావాలి. మోసపోకుండా ఉండాలంటే చదవడం రావాలి. ఆ రెండూ మనం నేర్చుకున్నాం.

కుట్టు మిషను అమ్ముతున్నాం అనుకుందాం. ఏం చెయ్యాలి?

ముందు శుభ్రంగా తుడవాలి. నూనె వెయ్యాలి. పగటి వెలుగులో ఫొటోలు తియ్యాలి. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, కంపెనీ పేరు కనపడేలా ఒకటి. తుప్పు పట్టిన చోట కూడా ఒకటి తియ్యాలి. లోపం దాస్తే ఏమవుతుంది? కొనేవాళ్లు ఇంత దూరం వచ్చి, చూసి, వెనక్కి పోతారు. లేదా ధర సగానికి దించుతారు.

తర్వాత నాలుగు ముక్కలు రాయాలి. ఇలా రాయొచ్చు:

“కాలితో తొక్కే కుట్టు మిషను. కొని 6 సంవత్సరాలు అయింది. బాగా కుడుతుంది. బెల్టు కొత్తది. బల్ల మీద చెక్క ఒక పక్క లేచింది. ధర 4,000 రూపాయలు.”

ఊరి పేరు రాస్తే చాలు. ఇంటి నంబరు రాయకండి. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ఫొటోలు ఎవరడిగినా పంపకండి.

ధర ఎలా తెలుస్తుంది? అలాంటి మిషన్లు ఆ సంతలోనే ఎంతకు పెట్టారో చూడండి. ఐదారు చూస్తే అందాజు దొరుకుతుంది. బేరం ఆడతారు కనుక కొంచెం పెంచి వెయ్యండి. ఇంతకు తగ్గితే ఇవ్వను అని మనసులో ఒక లెక్క పెట్టుకోండి. ఆ లెక్క పైకి చెప్పకండి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఫోను మోగుతుంది.

“అమ్మా, మీ మిషను ఫొటో చూశాను. నాలుగు వేలూ ఇస్తాను.”

“వచ్చి చూసుకోరా అండీ?”

“అక్కర్లేదమ్మా. నేను మిలట్రీలో పని చేస్తాను. రావడం కుదరదు. ఒక క్యూఆర్ కోడ్ పంపుతున్నా. స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి. డబ్బు మీ ఖాతాలో పడుతుంది.”

ఇక్కడ ఆగాలి! సంతలో గేదెను కొనేవాడు పళ్లు చూడకుండా కొంటాడా? ఇతను వస్తువు చూడలేదు. బేరం ఆడలేదు. మిలట్రీ అంటే మనకు గౌరవం. ఆ పేరు చెబితే నమ్ముతామని మోసగాళ్లకు తెలుసు.

కిరాణా కొట్లో మనం క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం. పిన్ కొడతాం. అప్పుడు డబ్బు ఎటు పోతుంది? మన ఖాతా నుంచి కొట్టువాడి ఖాతాకు. ఎక్కడైనా అంతే. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోతుంది, రాదు. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

పిన్ కొట్టేముందు ఫోను మీద ఏముందో చదవండి. “పే” అన్నా, “చెల్లించండి” అన్నా ఇవ్వమనే అర్థం. అంకె ఎంతో కూడా చూడండి. అవతలివాడు “త్వరగా, త్వరగా” అంటాడు. మనం చదివే లోపలే డబ్బు లాగాలని అతని తొందర. కూడబలుక్కుని చదవడానికి సిగ్గుపడకండి. అర్థం కాకపోతే ఫోను పెట్టెయ్యండి.

ఇంకో ఎత్తు కూడా ఉంది. “పొరపాటున 14,000 పంపాను, పదివేలు తిరిగి పంపండమ్మా” అని ఏడుపు గొంతుతో అంటారు. డబ్బు పడినట్టు మెసేజి కూడా వస్తుంది. అది దొంగ మెసేజి కావచ్చు. ముందు మీ ఖాతాలో నిల్వ మీరే చూసుకోండి. లేదా బ్యాంకుకు వెళ్లి అడగండి.

నిజంగా కొనేవాళ్లు వచ్చి చూస్తారు. వాళ్లను పగటిపూటే రమ్మనండి. పక్కన ఒకరిని తోడు పెట్టుకోండి. మిషను తొక్కి చూపించండి. డబ్బు చేతికి అందాకో, ఖాతాలో పడిందని చూసుకున్నాకో సామాను బండెక్కించండి.

ఒకవేళ మోసం జరిగితే? ఇంట్లో తిడతారని, ఊళ్లో నవ్వుతారని దాచకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే నంబరు అది. మీ బ్యాంకుకూ చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. ఆలస్యమైతే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

చెల్లెళ్లారా! ఆ ఖాతాలో ఉన్నది మన కూలి డబ్బు, పొదుపు డబ్బు, పిల్లల ఫీజు డబ్బు. పాత మిషను అమ్మబోయి దాన్ని పోగొట్టుకోవద్దు. 1930 నంబరు ఇవాళే గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టుకోండి. చదవకుండా పిన్ కొట్టకండి.