ఆగిన ఇంజనులోకి నీరు
(బీచుపల్లి సమావేశంలో చేసిన ప్రసంగం)



ఎదుట కృష్ణమ్మ, పక్కన ఆంజనేయస్వామి. ఈ రేవున నిలబడి లాంచీ మెకానిక్కుగా నేను చేసిన ఒక తప్పు చెప్పుకుంటాను.

2009 సెప్టెంబరులో ఒకరోజు ఇంజను స్టార్టు కాలేదు. స్విచ్చు మళ్లీ మళ్లీ నొక్కాను. సిలిండరులోకి నీరు చేరిందని గ్రహించలేదు. గాలి నొక్కితే నలుగుతుంది గాని నీరు నలగదు గదా! కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. అక్టోబరు మొదట్లో వరద వచ్చి అలంపురం మునిగింది. సాయానికి పిలుపు వచ్చింది. మా లాంచీ షెడ్డులో ఉంది.

నీరెలా వచ్చింది? ఇంజనును చల్లబరచిన నదినీటిని పొగగొట్టంలోకే వదులుతారు. ఆ కలిసేచోటు నది మట్టానికి దిగువన ఉంటే, వెనుక మనం డ్రమ్ములోంచి కిరసనాయిలు పైపుతో లాగినట్టే, ఇంజను ఆగాక కూడా నీరు వస్తూనే ఉంటుంది. మఫ్లరు నిండి, తెరుచుకుని ఉన్న ఎగ్జాస్టు వాల్వు గుండా సిలిండరులోకి దిగుతుంది.

విరుగుడు చిన్నదే. ఆ నీటిగొట్టాన్ని నది మట్టానికి బాగా పైకి వంపు తిప్పి, వంపు నెత్తిన గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టాలి. గాలి చొరబడితే ధార తెగుతుంది. అయితే మట్టి పట్టి ఆ వాల్వు మూసుకుపోతుంది. మాదీ అంతే, నేను విప్పి చూడలేదు.

ఇంకొక మాట. మొండికేసిన ఇంజనును పదేపదే తిప్పవలసివస్తే నదినీటి కుళాయి మూసి తిప్పాలి. అందుకోగానే తెరవాలి, మరిస్తే ఇంజను కాగిపోతుంది.

మీ పిల్లలెవరైనా లాంచీల మీద పనిచేస్తుంటే, వానలకు ముందే ఆ వాల్వు విప్పి కడగమని చెప్పండి. సెలవు.