స్కిజోఫ్రీనియా జన్యువులు, కడుపులోని మెదడు

స్కిజోఫ్రీనియా ఎక్కువగా 16, 30 ఏళ్ల మధ్య బయటపడుతుంది. విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు కొడుకును తీసుకొచ్చిన తల్లిదండ్రులు పరీక్ష తప్పడమో, తమ పెంపకమో కారణమని కుమిలిపోవచ్చు. పెంపకాన్ని తప్పుపట్టడం అన్యాయం. ఈ జబ్బుతో ముడిపడిన జన్యువుల్లో చాలావాటి పని తల్లి కడుపులోనే మొదలవుతుంది: నాడీకణాలు పుట్టడం, తమ చోటికి చేరడం, ఒకదానితో ఒకటి సంధులు కట్టుకోవడం. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించి పుట్టినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ జబ్బు వస్తుంది. సీ4 జన్యువుది వేరే దారి. పెరిగే మెదడు అక్కర్లేని సంధులను కత్తిరించుకుంటుంది. సీ4 చురుకు ఎక్కువైతే ఆ కోత మితిమీరవచ్చని 2016లో అమెరికా పరిశోధకులు సూచించారు. అయితే జన్యువు ఒక్కటే అంతా నిర్ణయించదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బున్నా, కనీసం సగం జంటల్లో రెండోవారికి రాదు.