పట్టా ఇచ్చే చెయ్యిని లెక్క అడుగుదాం
(అరకులోయ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిషన్ కాలేజీ యూనివర్సిటీ ఎలాగయింది, అయితే మనకేటి ఒరుగుతుంది - ఈ రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను.

కాలేజీ ఇంకొకరి కింద ఉంటుంది. పాఠం వాళ్లది, పరీక్ష వాళ్లది, పట్టా వాళ్లది. యూనివర్సిటీ అయితే పాఠం తనదే, పరీక్ష తనదే, పట్టా మీద సంతకం తనదే. అంటే అది అధికారం. అధికారం ఎక్కడ పోగుపడితే అక్కడ మన వాటా ఎంత అని అడగడమే అంబేద్కర్ మనకి నేర్పిన చదువు.

మన విశాఖ సంగతే చూడండి. 1846లో ఆల్ప్స్ కొండల్లోని సవోయ్ నుంచి కాథలిక్ ఫాదర్లు విశాఖపట్నం వచ్చారు. 1849లో సెయింట్ జోసెఫ్ సిస్టర్లు వచ్చారు. బళ్లు పెట్టారు. ఆ సిస్టర్ల సభే 1958లో విశాఖలో ఆడపిల్లలకి డిగ్రీ కాలేజీ పెట్టింది. బెజవాడలో 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే, జెసూట్ ఫాదర్లు ఆంధ్ర లయోలా కాలేజీ పెట్టారు. దానికి 1988లో అటానమీ వచ్చింది. పాఠం, పరీక్ష చేతికొచ్చాయి గాని పట్టా మాత్రం పై యూనివర్సిటీదే.

బయట ఇంకా ముందుకెళ్లారు. కలకత్తాలో 1860 నాటి సెయింట్ జేవియర్స్ కాలేజీ పెట్టిన జెసూట్‌లే 2017లో అదే పేరుతో యూనివర్సిటీ తెరిచారు. బెంగుళూరులో 1969లో పెట్టిన క్రైస్ట్ కాలేజీ 2008లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. అక్కడే 1882 నాటి సెయింట్ జోసెఫ్స్ 2022లో యూనివర్సిటీ అయింది. దాన్ని ప్రారంభించింది ఎవరు? రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, సంతాల్ ఆదివాసీ ఆడకూతురు. ప్రారంభించిన చెయ్యి ఆదివాసీది, సంతోషం. హాజరుపట్టీలో ఆదివాసీ పేర్లు ఎన్ని? మన ప్రశ్న అది.

అగ్రవర్ణాలు బడి గడప తొక్కనివ్వని కాలంలో మిషన్ బడి మాల మాదిగ పిల్లలకి పలక చేతికిచ్చింది. అది మరిచిపోతే మనం మనుషులం కాదు. కాని మేలు చేసినవాణ్ణి లెక్క అడగకూడదని ఎక్కడా లేదు.

చట్టం ఏటంటుంది? రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకి సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కిచ్చింది. 2005లో 93వ సవరణతో 15(5) వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో కూడా దళితులకీ ఆదివాసులకీ సీట్లు కేటాయించేలా ప్రభుత్వం చట్టం చెయ్యొచ్చు అంది. మైనారిటీ సంస్థల్ని మాత్రం మినహాయించింది. కాబట్టి ఆ దారిన సీటు రాబట్టలేం.

మరి ఆ మైనారిటీ ఎవరు? 2016లో కాథలిక్ బిషప్పుల సభ దళిత సాధికారత విధానం ప్రకటించింది. దేశంలో 1.9 కోట్ల కాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులేనని అందులో లెక్క చెప్పింది. చర్చిలో అంటరానితనం ఉందని తానే ఒప్పుకుంది. అంటే మైనారిటీ అన్న పేరు నిలబడింది మన తలకాయల మీద. తలకాయలు మనవైనప్పుడు కుర్చీలు ఎవరివి? 2022లో మన తెలుగువాడు పూల ఆంథోనీ కార్డినల్ అయ్యాడు. దళితుల్లోంచి మొదటి కార్డినల్ ఆయనే. పై కుర్చీ ఒకటి వచ్చింది. కింద బెంచీలు రావాలి.

ఇంకో అన్యాయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మాల, మాదిగ క్రైస్తవుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక్క శాతంలో ఇరుక్కోవాలి. ఆదివాసీకి మాత్రం మతం మారినా ఎస్టీ హక్కు పోదు. అందుకే దళిత క్రైస్తవుడికి సర్కారు తలుపు సగం మూసుంది. సొంత చర్చి తలుపు కూడా మూస్తే వాడు ఎక్కడికి పోవాలి?

భూమి మాట. చదువు పేరు చెప్పి ఎవరొచ్చినా 1/70 చట్టం మరవకండి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. యూనివర్సిటీ మన పిల్లల్ని తీసుకోవాలి గాని మన భూమిని కాదు. సర్కారునీ వదలొద్దు. 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా కొండ మీద లేదు, విజయనగరంలో ఉంది. ఏజెన్సీ బళ్లల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ ఇంకా మానలేదు.

కాథలిక్ కాలేజీల్ని, రేపు యూనివర్సిటీ అయ్యేవాటిని, మనం అడిగేవి మూడు.

ఒకటి, దళిత, ఆదివాసీ పిల్లలకి, ఏ మతం వాళ్లయినా, ఇన్ని సీట్లని నిబంధనల్లో రాయాలి. ఏటేటా లెక్క గోడకి అంటించాలి.

రెండు, హాస్టలు ఇవ్వాలి, మొదటి ఏడాది ఇంగ్లీషు విడిగా నేర్పాలి. ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదివిన కోదు పిల్లకి తెలుగే రెండో భాష. సీటిచ్చి వదిలేస్తే సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్ల మళ్లీ బస్సెక్కదు.

మూడు, పాఠం చెప్పేవాళ్లలో, పాలకవర్గంలో మనవాళ్లు ఉండాలి.

దయ అడగడం లేదు. వాళ్లు రాసుకున్న మాటే వాళ్లకి చదివి వినిపిస్తున్నాం.

ఊరికెళ్లగానే ఒక పని చెయ్యండి. మీ ఊళ్లో ఇంటర్ పాసైనవాళ్లెవరు, ఇప్పుడు ఏం చేస్తన్నారు - పేరు పేరునా రాయండి. డిగ్రీలో చేరి మానేసినవాళ్లు ఎందుకు మానేశారో పక్కన రాయండి. ఆ కాగితాలు పట్టుకుని గేటు దగ్గరికి పోదాం. కాగితం లేని కోపాన్ని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. లెక్కతో వచ్చినోణ్ణి ప్రిన్సిపాలు కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే.

జై భీమ్!