కోహా అనగా కానుక

న్యూజిలాండులోని హోరోవెనువా గ్రంథాలయములకు 1999లో ఒక చిక్కు వచ్చినది. పుస్తకముల లెక్కలు చూచు వారి పాత కంప్యూటరు ప్రోగ్రాము 2000 సంవత్సరపు తేదీలకు పనికిరాదని తేలినది. కాటిపో అను చిన్న సంస్థచేత క్రొత్తది వ్రాయించుకొనిరి. 2000 జనవరిలో అది పని మొదలుపెట్టినది. సొమ్ము వారిదే. అయినను దాచుకొనక, ఎవరైనను వాడి, మార్చి, ఇతరులకు ఇయ్యవచ్చునని ఆ యేడే సోర్సు కోడుతో సహా విడుదల చేసిరి.

దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక అని అర్థము. అయితే పుచ్చుకొన్నవారు తిరిగి ఏదో ఒకటి యిచ్చుట అక్కడి మర్యాద. మన పెండ్లి చదివింపులు పుస్తకములో వ్రాసిపెట్టుకొనమా, అట్టిదే!

నేడు మన దేశములో అనేక కళాశాలలు కోహాను వాడుచున్నవి. పుచ్చుకొని ఊరకుండుట నాకు నచ్చదు. ప్రోగ్రాము వ్రాయుట రాకున్నను, కనబడిన తప్పు తెలియజేయవచ్చును. తెరమీది మాటలను తెలుగు చేసి పంపవచ్చును.