కంప్రెసర్ గదిలో మన పిల్లలెందరు?



మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దూదేకే విల్లు చప్పుడు ఆగిపోయి చాలా కాలమైంది. జిన్నింగ్ మిల్లులు వచ్చాక ఆ విద్య తెలిసిన ఇళ్లవారే కూలికి వెళ్లారు. ఇప్పుడు గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలలోనూ అదే చూస్తున్నాం. మిర్చి టిక్కీలు మోసేచోట మన పిల్లలు కనిపిస్తారు. కంప్రెసర్ గదిలో ఎందరున్నారు?

ఆ గదిలోకి వెళ్లడానికి ఇంజనీరింగే చదవనక్కర్లేదు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్లు. పదో తరగతి అయ్యాక పాలీసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. ఆపైన ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ దారి మన ఇళ్లలో చాలామందికి తెలియదు, ఆడపిల్లల తల్లిదండ్రులకు మరీను.

దాతలు ఇంజనీరింగ్ ఫీజు కడతామంటారు, సంతోషం. కానీ ఫీజుకు ప్రభుత్వ సాయం కొంతైనా ఉంది. పిల్లవాడు చదువు మానేది మిర్చి కోతలప్పుడు, యార్డు కిటకిటలాడే నెలల్లో, ఇంట్లో కూలి డబ్బు కావలసి వచ్చి. అందుకని ఈ ఏడు మేము బస్ పాస్, మధ్యాహ్న భోజనం, ఆ నెలలకు ఇంటికి బియ్యం, నూనె అడుగుతున్నాం. రిజిస్టరు కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. పేరు వద్దనుకునేవారు మొత్తం ఒక్కటీ రాస్తే చాలు.